గీత దాటిన కోచ్‌కి విజిల్ ఎవరు ఊదాలి? (శ్రీకాకుళం స్టూడియో చర్చ)

సంచాలకురాలు: స్కూల్ గేమ్స్ వచ్చాయంటే కోర్టులో పిల్లలకన్నా గీత పక్కన కోచ్‌లే ఎక్కువ పరిగెడుతున్నారని ఫిర్యాదు. అమ్మగారూ, మీ పాప అండర్-17 బాస్కెట్‌బాల్ ఆడుతోంది కదా, మీరు చెప్పండి.

తల్లి: ఆడుతోందండి. మొన్న ఫ్రీ త్రో, అదే ఎవరూ అడ్డురాకుండా వేసే షాట్, వెయ్యబోతూ రింగు వైపు కాదు, వాళ్ల మాస్టారి వైపు చూసింది. చేతులు వణుకుతున్నాయి. బంతి రింగుకైనా తగల్లేదు. దానికి మళ్లీ అందరి ముందూ తిట్లు. ఏటండీ ఇది?

పీఈటీ మాస్టారు: అమ్మా, ఆ తిట్లు తప్పే. కానీ మనవి ఓపెన్ కోర్టులు. పక్కనే కబడ్డీ, పైన మైకు. ‘స్క్రీన్ పెట్టు, వెనక్కి రా’ అనాలన్నా గొంతు పెంచాల్సిందే.

రిఫరీ: పెంచండి మాస్టారూ, ఎవరొద్దన్నారు? ఫిబా, అంటే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య, రూల్ ప్రకారం హెడ్ కోచ్, మొదటి అసిస్టెంట్ కోచ్... ఇద్దరిలో ఒకరే నిలబడాలి, అదీ బెంచ్ ఏరియా, అంటే తమ జట్టు కూర్చునే చోటు, లోపలే. మనవాళ్లు సెంటర్ లైన్ దాటి అవతలి జట్టు బెంచ్ దాకా వెళ్తారు. స్కోరర్ టేబుల్ మీద చెయ్యి వేసి ‘ఆ ఫౌల్ కొట్టెయ్’ అంటారు. టేబుల్ వాళ్లతో హెడ్ కోచ్ మాట్లాడొచ్చు. బంతి డెడ్ అయి, అంటే ఆట ఆగి, గడియారం కూడా ఆగినప్పుడు, మర్యాదగా.

సంచాలకురాలు: మరి శిక్ష?

రిఫరీ: టెక్నికల్ ఫౌల్, అంటే ప్రవర్తన బాగోకపోతే ఇచ్చే ఫౌల్. అవతలి జట్టుకి ఒక ఫ్రీ త్రో. కోచ్ సొంత ప్రవర్తనకైతే స్కోర్‌షీట్‌లో ‘సి’, బెంచ్‌లో ఇంకెవరి వల్లైనా అయితే ‘బి’ రాస్తాం. అదీ కోచ్ పేరు పక్కనే. ‘సి’లు రెండు పడితే కోచ్ బయటికి. మొత్తం మూడు పడినా అంతే. డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లాలి, లేదా ప్రాంగణం వదలాలి.

తల్లి: ఎప్పుడైనా రాశారా మీరు?

రిఫరీ: (నవ్వి) అక్కడే పట్టేశారు. చిన్నవాటికి ముందు హెచ్చరిక చాలు. కానీ మనం హెచ్చరిక దగ్గరే ఆగిపోతాం.

పీఈటీ మాస్టారు: ఎందుకు ఆగుతారో నేను చెప్తాను. ఈవేళ విజిల్ పట్టుకున్నాయన రేపు తన స్కూల్ జట్టుకి కోచ్. ఆ మ్యాచ్‌కి రిఫరీని నేను. అందరం పీఈటీలమే, ఒకే స్టాఫ్ రూమ్ మొహాలు. ఎవరికి ‘సి’ రాస్తాం?

సంచాలకురాలు: అంటే రూల్ పుస్తకంలో లోటేమీ లేదు.

రిఫరీ: లేదు మేడమ్. అమెరికా హైస్కూళ్ల రూల్ ఇంకొంచెం గట్టిది. అక్కడ హెడ్ కోచ్‌కి నేరుగా టెక్నికల్ పడితే ఆ మ్యాచ్‌లో నిలబడి కోచింగ్ చేసే వెసులుబాటు పోతుంది, కూర్చోవాల్సిందే. నన్నడిగితే మనకదే బాగా పనిచేస్తుంది. ఫ్రీ త్రో పోతే బాధ పిల్లలకి. కుర్చీలో కూర్చోబెడితే కోచ్‌కి.

తల్లి: అది బాగుందండి. పిల్లలెందుకు మోయాలి?

పీఈటీ మాస్టారు: బాగుంది, కానీ కూర్చోమనేదెవరు? మళ్లీ మా స్టాఫ్ రూమే కదా. టెక్కలి మ్యాచ్‌లకి పాలకొండ రిఫరీలని, పాలకొండకి టెక్కలి వాళ్లని పంపితే మొహమాటం ఉండదు.

రిఫరీ: పంపమనండి, రేపే వస్తాను. బస్సు చార్జీలెవరిస్తారో కూడా చెప్పమనండి.