మీ పాదాలు కనబడేలా ఫోన్ పెట్టండి

అందరికీ నమస్కారం. నేను పెద్దవయసువాళ్లకు ఫోన్లో లైవ్‌గా కసరత్తులు నేర్పుతుంటాను. మీలో చాలామంది పొద్దున్నే పార్కులో నడుస్తారు. మానకండి. కానీ నడక ఒక్కటే చాలదు. నడిస్తే గుండెకు మంచిది, షుగర్ అదుపులో ఉంటుంది. పడిపోకుండా కాపాడేవి మాత్రం తొడల్లో బలం, కాళ్ల నిలకడ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని, దాంతోపాటు మూడు రోజులైనా బలం, నిలకడ పెంచే కసరత్తులు చేయాలని చెప్పారు. మరి రోజుకు పదివేల అడుగులు నడవాలనే లెక్క ఎక్కడిదంటారా? 1960ల్లో జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన అడుగుల మీటరుకు ఆ పేరు పెట్టారు. అది డాక్టర్లు తేల్చిన లెక్క కాదు.

ఈ కసరత్తులు నేర్చుకోవడానికి క్లినిక్‌కు వెళ్లాలంటే ఆటో, ట్రాఫిక్, పైగా అక్కడి మెట్లు. కొన్నాళ్లు వెళ్లి మానేస్తారు. ఇంట్లోనే ఫోన్లోనో ట్యాబ్‌లోనో చూసి చేస్తే పని జరుగుతుందా? సిడ్నీలో పరిశోధకులు స్టాండింగ్‌టాల్ అనే కార్యక్రమంతో ఇదే పరీక్షించారు. 70 నిండిన 503 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ట్యాబ్‌లో నిలకడ కసరత్తులు ఇచ్చారు: వారానికి రెండు గంటలు, రెండేళ్లపాటు. 2021లో ఫలితాలు అచ్చయ్యాయి. మొదటి ఏడాది చివరికి చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండేళ్ల లెక్క తీస్తే కసరత్తు చేసిన జట్టులో పడిపోవడాలు 16 శాతం, దెబ్బ తగిలేలా పడటాలు 20 శాతం తక్కువ. "నెల రోజులు చేశానండీ, ఏం లాభం లేదు" అనేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను. అక్కడ కూడా రెండేళ్లు నిండేసరికి సుమారు సగం మందే కొనసాగించారు లెండి.

అందుకే ఒంటరిగా యూట్యూబ్ చూసి చేయడం కన్నా, వేళకు మొదలయ్యే చిన్న లైవ్ క్లాసే మేలని నా అభిప్రాయం. వీడియోను మీరు చూస్తారు గానీ, అది మిమ్మల్ని చూడదు. "మాస్టారూ, కుర్చీ గోడకు ఆనించారా?", "అమ్మా, మడమ లేవడం లేదు" అని ఎవరో ఒకరు అడగాలి. రెండు రోజులు రాకపోతే ఫోన్ చేయాలి. పదీ పన్నెండు మంది దాటితే ఏ టీచరూ ఆ పని చేయలేరు.

కొత్త బ్యాచ్ మొదటి రోజున నాకు కనబడేవి సీలింగ్ ఫ్యాన్లు, సగం నుదుళ్లు! ఫోన్ చేత్తో పట్టుకుని కసరత్తు చేయలేం కదా. బల్ల మీద పప్పుల డబ్బాకు ఆనించి, నాలుగడుగులు వెనక్కి జరగండి. నిలకడ కసరత్తులో నేను చూడాల్సింది మీ ముఖం కాదు, పాదాలు. జారే ప్లాస్టిక్ కుర్చీ వద్దు. చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకోండి. మ్యూట్‌లో ఉన్నా సరే, ఒకటీ రెండూ అని పైకి లెక్కపెట్టండి. లెక్కపెడుతుంటే ఊపిరి బిగబట్టరు.

అమెరికాలో ఉన్న పిల్లలు లింకు పంపి, ఫీజు కట్టి, తమ పని అయిపోయిందనుకుంటారు. మన పొద్దున వాళ్లకు ముందురోజు సాయంత్రమో రాత్రో. వారానికోసారి వాళ్లనూ అదే క్లాసులో చేరమనండి. అమ్మానాన్నల కన్నా వాళ్లకే ఎక్కువ అవసరమేమో!

గత ఏడాదిలో పడినవాళ్లు, లేచి నిలబడగానే కళ్లు తిరిగేవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ను అడగండి. బీపీ మాత్రల వల్ల కూడా కళ్లు తిరగొచ్చు.

మాటలు చాలు, ఒక పరీక్ష చేద్దాం. 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడి, మళ్లీ కూర్చుంటారో చూద్దాం. చేతుల ఊతం లేకుండా చేయాలి. 70 నుంచి 74 ఏళ్ల మగవాళ్లు 12 కన్నా, ఆడవాళ్లు 10 కన్నా తక్కువ చేస్తే కాళ్లలో బలం తగ్గినట్టు. ఇప్పుడు చెప్పిన ఇబ్బందులున్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఊరికే లెక్కపెట్టండి. మిగతావాళ్లు కుర్చీలో కాస్త ముందుకు జరిగి, చేతులు గుండెల మీద కట్టుకోండి. నేను టైం చూస్తున్నాను. ఊఁ, లేవండి!