దేవుడు ఎత్తలేని రాయి: ఆ ప్రశ్నే ఉత్తది!

నమస్తే వరంగల్, నమస్తే హనుమకొండ! మళ్లీ అదే రాయి పంచాయితీ. "దేవుడు తాను కూడా ఎత్తలేనంత బరువైన రాయిని సృష్టించగలడా? సృష్టిస్తే ఎత్తలేడు, సృష్టించలేకపోతే సర్వశక్తిమంతుడే కాదు" అని ఒకరు పెట్టడం, కింద ఇంకొకరు బూతులు తిట్టడం. అన్నా, బూతులెందుకు, జవాబు ఉంది కదా!

నాలుగు భుజాల త్రిభుజం గీయమని దేవుణ్ని అడిగితే అది పరీక్షా? అక్కడ గీయడానికి ఏమీ లేదు. అన్నీ ఎత్తగలవాడు ఎత్తలేని రాయి కూడా అంతే. మన రామప్ప గుడి లేచిన 13వ శతాబ్దంలోనే ఇటలీలో థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ తత్వవేత్త తేల్చేశాడు: తనను తానే కొట్టేసుకునే విషయం అసలు చేయగలిగే పనుల్లోకే రాదని. ఏడు వందల ఏళ్లు దాటింది, ఇంకా అదే రాయి మోస్తున్నారు!

ఇప్పుడు నా మాట వినండి. ఫిజిక్స్ నియమాలు దేవుడికి సంకెళ్లు కావు, ఆయన నిలబెట్టుకుంటున్న మాట. తప్పగలిగి కూడా మాట తప్పనివాణ్ని చేతగానివాడు అంటామా? గ్రహాల కక్ష్యలను దేవుడే అప్పుడప్పుడు సరిచేయాల్సి వస్తుందని న్యూటన్ అంతటివాడు అనుకున్నాడు. దానికి 1715లో జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ ఎగతాళి చేశాడు, అంటే దేవుడు తన గడియారానికి మళ్లీ మళ్లీ కీ ఇచ్చుకోవాలా అని. నేను లైబ్నిజ్ పక్షమే. 1918లో ఎమ్మీ నోతర్ అనే జర్మన్ గణితవేత్త ప్రచురించిన గణితం చూడండి: ప్రకృతి నియమాలు నిన్న, ఈరోజు, రేపు ఒకేలా ఉంటే, శక్తి నిత్యత్వం, అంటే మొత్తం శక్తి పెరగదు, తరగదు అనే నియమం, దానంతట అదే వస్తుంది. ఆమె అక్కడ దేవుడి ఊసే ఎత్తలేదు, కానీ నాకు అందులో ఆ మాట తప్పనితనమే కనిపిస్తుంది.

భక్తుల మీద కూడా నాకు కోపమే. రామప్ప ఇటుక నీళ్లలో తేలితే "ఫిజిక్స్‌ను ఓడించిన మహిమ" అని రీల్స్ చేస్తారు. ఓడించడం ఏంది? ఆ ఇటుక లోపలంతా సన్నటి రంధ్రాలు, సాంద్రత నీళ్ల కంటే తక్కువ, అందుకే తేలుతుంది. శిఖరం బరువు తగ్గాలని కాకతీయుల కాలపు పనివాళ్లు వాడిన ఇటుక అది. తేలికైనది ఈరోజు తేలికగా ఉండి రేపు బరువెక్కదని నమ్మారు కాబట్టే, శివుడి నెత్తి మీద అంత శిఖరం ధైర్యంగా నిలబెట్టారు. మహిమ కావాలా? ఆ నమ్మకం ఇప్పటిదాకా ఒక్కరోజు కూడా వమ్ము కాలేదు చూడు, అదీ మహిమ!

రాయి బ్యాచ్‌కు నా సవాల్: తనను తాను కొట్టేసుకోని ప్రశ్న ఒక్కటి కింద పెట్టండి, వచ్చే వీడియో దాని మీదే.