నోటర్ డేమ్: ర్యాంకుకు ముందు జరిగిన కథ

అందరికీ నమస్కారం.

ఇందాక టీ తాగుతుంటే ఒక తండ్రిగారు నన్ను పక్కకు పిలిచారు. "మాస్టారూ, మా అమ్మాయి అమెరికాలో నోటర్ డేమ్ యూనివర్సిటీకి అప్లై చేస్తానంటోంది. ఫాదర్లు పెట్టిన బడి కదా, చదువు ఏపాటి ఉంటుందంటారు? ర్యాంకెంత?" అన్నారు. ఫాదర్ల కాలేజీ అంటే మనకు గౌరవమే. విజయవాడ లయోలాలో సీటొస్తే వీధంతా చెప్పుకున్న తరం మాది. కానీ మనం మెచ్చుకున్నది క్రమశిక్షణని, ఇంగ్లీషుని. పరిశోధన మాట ఎవరికీ తట్టేది కాదు. ఫాదర్ల బడిలో పరిశోధన సాగుతుందా అన్న అనుమానం ఒకప్పుడు అమెరికావాళ్లకీ ఉండేది. ఇవాళ నేను చెప్పబోయేది ఆ అనుమానం గురించే.

ముందు ర్యాంకు సంగతి తేల్చేద్దాం. యూఎస్ న్యూస్ వాళ్లు వేసే అమెరికా కాలేజీల ర్యాంకుల జాబితాలో నోటర్ డేమ్ 20కి అటూఇటూ ఉంటుంది. క్యూఎస్ వాళ్ల ప్రపంచ జాబితా తీస్తే 300 దగ్గర వెతుక్కోవాలి. బడి అదే, తూకపు రాళ్లే వేరు. మొదటివాళ్లు చేరినవాళ్లలో ఎందరు డిగ్రీ పూర్తిచేశారన్న లెక్కకు బాగా మార్కులేస్తారు. రెండోవాళ్లు దేశదేశాల ప్రొఫెసర్లని అభిప్రాయం అడుగుతారు, పరిశోధనా పత్రాలను ఎందరు ఉదహరించారో లెక్కిస్తారు. నోటర్ డేమ్‌కి సొంత మెడికల్ కాలేజీ లేదు. పత్రాలు కుప్పలుగా వచ్చేది మెడిసిన్‌లోనే కదా. పైగా అక్కడున్న 13 వేల మందిలో ఎక్కువమంది డిగ్రీ పిల్లలే. అందుకని ఆ రెండు అంకెల్లో ఏది చూసి మురిసిపోయినా, ఏది చూసి దిగులుపడినా తొందరపాటే.

ఇక కథ. 1842లో ఎడ్వర్డ్ సోరిన్ అనే ఫ్రెంచి ఫాదరు ఇండియానాలో ఒక సరస్సు పక్కన ఈ బడి మొదలుపెట్టాడు. హోలీ క్రాస్ అనే క్యాథలిక్ ఫాదర్ల సభ ఆయనది. 1879లో ప్రధాన భవనం కాలిపోతే కొన్ని నెలల్లోనే మళ్లీ లేపారు. ఫొటోల్లో మెరిసే బంగారు గుమ్మటం దాని మీదిదే.

నాకు ఆసక్తి కలిగించేది గుమ్మటం కాదు, జాన్ జామ్. అక్కడ ఫిజిక్సు చెప్పిన ఫాదరు. జీవపరిణామానికీ విశ్వాసానికీ పేచీ లేదని 1896లో ఒక పుస్తకం రాశాడు. రెండేళ్లకు రోములో, నిషిద్ధ గ్రంథాల వ్యవహారం చూసే కార్యాలయం దాన్ని తప్పుపట్టింది. ఆయన ఎదురు చెప్పలేదు. పుస్తకం పంపిణీ ఆపించుకున్నాడు. ఆ ఒక్క సంఘటనలోనే మన తండ్రిగారి ప్రశ్న మొత్తం ఉంది: లేబొరేటరీలో తేలిన మాటకి ఎవరి సంతకం కావాలి?

కెమిస్ట్రీకి అంత చిక్కు రాలేదు. ముప్పై ఏళ్లు ఆ పాఠమే చెప్పినవాణ్ణి, ఇక్కడ కాస్త ఆగనివ్వండి. వెల్డింగు షాపులో కార్బైడు ముక్క మీద నీళ్లు పడితే బుసబుసమంటూ గ్యాసొస్తుంది, ఘాటు వాసన. అది ఎసిటిలీన్. జూలియస్ న్యూలాండ్ అనే నోటర్ డేమ్ ఫాదరు ఏళ్ల తరబడి ఆ గ్యాసుతోనే కుస్తీ పట్టాడు. 1925లో ఒక సభలో ఆయన ప్రసంగం విన్న డ్యూపాంట్ కంపెనీ రసాయనవేత్తకి ఆలోచన తట్టింది. ఆ దారిలోనే నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు పుట్టింది. ఆయన ల్యాబులో కొన్నాళ్లు సహాయకుడిగా పనిచేసిన కుర్రాడు నూట్ రాక్నీ. తర్వాత నోటర్ డేమ్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్ అయ్యాడు. చిత్రం చూడండి, దేశానికి గుర్తున్నది రబ్బరు కాదు, ఫుట్‌బాలే!

ఆ ఫుట్‌బాల్ పేరే నోటర్ డేమ్‌కి బరువైంది. 1955లో జాన్ ట్రేసీ ఎల్లిస్ అనే చరిత్రకారుడు, ఆయనా ఫాదరే, "మన పండితులు ఎక్కడ?" అన్న ధోరణిలో అమెరికన్ క్యాథలిక్కులను గట్టిగా నిలదీశాడు. అప్పటికి నోటర్ డేమ్ అధ్యక్షుడు థియొడోర్ హెస్బర్గ్. 1952 నుంచి 1987 దాకా, 35 ఏళ్లు ఆయనే. ఆయన అధ్యక్షుడయ్యేనాటికి ఏటా పరిశోధనకి వచ్చే నిధులు 7 లక్షల 35 వేల డాలర్లు. దిగేనాటికి కోటిన్నర. డబ్బు ఒక్కటే అయితే ఇంత చెప్పేవాణ్ణి కాదు. 1967 జులైలో విస్కాన్సిన్‌లోని ల్యాండ్ ఓ లేక్స్‌లో, విశ్వవిద్యాలయానికున్న విడిదిలో, క్యాథలిక్ విద్యావేత్తలను కూర్చోబెట్టి ఒక ప్రకటన రాయించాడు. సారాంశం ఇది: విశ్వవిద్యాలయం అనిపించుకోవాలంటే బయటి పెత్తనం కుదరదు, అది ప్రభుత్వానిదైనా సరే, చర్చిదైనా సరే. అదే ఏడు హోలీ క్రాస్ సభ కూడా తన గుత్తాధిపత్యం వదులుకుని, ఫాదర్లు కాని గృహస్థులకూ చోటున్న బోర్డుకి పాలన అప్పగించింది. 1972లో డిగ్రీలో ఆడపిల్లలని చేర్చుకున్నారు. (హాస్టళ్లు మాత్రం ఇప్పటికీ విడివిడిగానే, రాత్రి ఇంతవరకే అని గంటల లెక్కతో. తల్లిదండ్రులు నిశ్చింతగా ఉండొచ్చు!)

పరిశోధనలో పెద్దచేయి ఉన్నవాళ్లని మాత్రమే పిలిచి చేర్చుకునే ఏఏయూ (అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ యూనివర్సిటీస్) అనే సంఘం ఒకటుంది. 1900లో దాన్ని స్థాపించిన 14 సంస్థల్లో వాషింగ్టన్‌లోని క్యాథలిక్ విశ్వవిద్యాలయం ఒకటి. 2002లో అది బయటికొచ్చేసింది. నోటర్ డేమ్‌కి పిలుపు 2023లో వచ్చింది. జామ్ తలవంచిన నాటి నుంచి లెక్కేస్తే 125 ఏళ్లు.

పేచీ తీరిపోయిందని మాత్రం అనుకోకండి. 2009లో స్నాతకోత్సవానికి ఒబామాని పిలిస్తే, గర్భస్రావం విషయంలో ఆయన వైఖరి చర్చికి విరుద్ధమని పదుల సంఖ్యలో బిషప్పులు అభ్యంతరం చెప్పారు. స్థానిక బిషప్పు రానేలేదు. పిలుపు వెనక్కి తీసుకోలేదు. ఒబామా ఆ వేదిక మీద హెస్బర్గ్ కథ ఒకటి చెప్పాడు. అమెరికా ప్రభుత్వ పౌరహక్కుల కమిషన్‌లో హెస్బర్గ్ సభ్యుడు. నల్ల సభ్యుడూ తెల్ల సభ్యులూ కలిసి వెళ్తే దక్షిణాదిలో హోటళ్లు గది ఇవ్వని రోజులవి. లూసియానాలో వాళ్ల పని ఎటూ తేలక ఆగిపోతే, అందరినీ విమానమెక్కించి ఆ ల్యాండ్ ఓ లేక్స్‌కే తీసుకెళ్లాడట. నివేదిక అక్కడ కుదిరింది. ఎలా ఒప్పించారని తర్వాత అడిగితే హెస్బర్గ్ చెప్పింది ఒకటే. వాళ్లందరికీ చేపలు పట్టే సరదా ఉందని అక్కడికెళ్లాక తెలిసిందట.