మొదటాట, రెండోఆట: ఇంట్లో ఒకే రోజు రెండు సినిమాలకు జత కుదర్చడం

అందరికీ నమస్కారం.

ఇంట్లో ఒకే పూట రెండు సినిమాలు చూడాలనుకున్నప్పుడు చాలామంది తమకు బాగా నచ్చినవి రెండు తీసి వరసగా వేసేస్తారు. మొదటిది హాయిగా సాగిపోతుంది. రెండోది మొదలై అరగంట కాకముందే ఒకరు ఫోన్ తీస్తారు, ఇంకొకరు దిండు మీదకు ఒరుగుతారు. ఇంటర్వెల్ దాకా రాకుండానే ‘మిగతాది రేపు చూద్దాంలే’ అన్న మాట వినబడుతుంది. వేసిన సినిమా మంచిదే, జతే కుదరలేదు. అది ఎందుకు కుదరదో, ఎలా కుదర్చవచ్చో ఈ సాయంత్రం మాట్లాడుకుందాం.

ముందు, చూడగానే జత కుదిరిందనిపించి చెడిపోయే ఉదాహరణ ఒకటి. ‘శంకరాభరణం’, 1980. ‘సాగరసంగమం’, 1983. రెండూ కె. విశ్వనాథ్ గారివే, రెండూ కళకు అంకితమైన మనిషి కథలే. ఇంతకంటే మంచి జత ఏముంటుంది అనిపిస్తుంది. కానీ ఆ రెండు కథలు ఎక్కడ ఆగుతాయో గుర్తుచేసుకోండి. మొదటిదాంట్లో శాస్త్రిగారు వేదిక మీద కన్నుమూస్తే ఆయన పాటను శిష్యుడు పూర్తిచేస్తాడు. రెండోదాంట్లో బాలు తన శిష్యురాలి నాట్యం చూసి కన్నుమూస్తాడు. విడివిడిగా చూస్తే రెండు ముగింపులూ గుండెను పట్టేస్తాయి. ఒకే రాత్రి చూస్తే, రెండో సినిమా ఆఖరి పావుగంటలో ఏం రాబోతోందో మన మనసు ముందే పసిగడుతుంది. ఏడవడానికి సిద్ధమై కూర్చున్నవాడికి ఏడుపు రాదు. అంత గొప్ప సినిమాకు మన చేతులారా అన్యాయం చేసినట్టవుతుంది.

అందుకని మేం పెట్టుకున్న సూత్రం ఇది: రెండు సినిమాలకూ మధ్య గట్టి పోగు ఒకటో రెండో ఉంటే చాలు. దర్శకుడో, రచయితో, నటో, ఊరో, కథలోని చిక్కుముడో, ఏదో ఒకటి. మిగతావి, అంటే రసం, వేగం, కాలం, ముగింపు, ఎంత వేరుగా ఉంటే అంత మంచిది. ‘శంకరాభరణం’ పక్కన ఏం వేయాలి అంటే, దాని మాటల రచయిత జంధ్యాల గారు కాబట్టి ఆయనే దర్శకత్వం వహించిన ‘శ్రీవారికి ప్రేమలేఖ’ వేయండి. 1984 నాటిది. అదే కలం శాస్త్రిగారి నోట ఎంత గంభీరంగా పలికిందో, ఇక్కడ ఎంత అల్లరిగా పలికిందో ఒకే రాత్రి వినబడుతుంది. పైగా అందులో శ్రీలక్ష్మి గారి పాత్ర సినిమా కథ చెప్పడం మొదలెడితే టైటిల్స్ దగ్గర్నుంచీ చెబుతుంది. అప్పటికే మూడు గంటలుగా సినిమా చూస్తున్న ఇంట్లో ఆ నవ్వు రెట్టింపు పేలుతుంది.

ఇప్పుడు మాకు అన్నిటికంటే ఇష్టమైన జత. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మొదటాట ‘మాయాబజార్’, 1957. రెండోఆట ‘పుష్పకవిమానం’, 1987. ‘పుష్పకవిమానం’ తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు ‘మాయాబజార్’కు కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేశారు. గురువు సినిమా, ముప్పై ఏళ్ళ తర్వాత శిష్యుడి సినిమా. ఇది బయటికి కనబడే పోగు. లోపలి పోగు ఇంకా అందమైనది: రెండూ వేరొకరి స్థానంలోకి దూరిన మనుషుల కథలు. ఒకచోట ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్ళింట్లో కూర్చుంటాడు. మరోచోట ఉద్యోగం లేని కుర్రాడు ఒక డబ్బున్నవాడి హోటల్ గదిలో దొరలా కాపురం పెడతాడు. ఇక తేడాలంటారా, మొదటి సినిమా పింగళి నాగేంద్రరావు గారి మాటల జాతర. అసమదీయులు, తసమదీయులు అంటూ కొత్త మాటలే పుట్టించారు. రెండోదాంట్లో ఒక్క సంభాషణ కూడా లేదు. మాటలతో చెవులు నిండాక వచ్చే ఆ మౌనం ఎంత బాగుంటుందో, విడిగా చూసినవాళ్ళకు తెలిసే వీలు లేదు.

ఈ జతలో జరిగే పొరపాట్లు మూడు. ఒకటి, మాటల్లేవు కదా అని ‘పుష్పకవిమానం’ వాల్యూం బాగా తగ్గించడం. అందులో చప్పుడే కథ. హోటల్ గది నిశ్శబ్దానికి నిద్రపట్టక ఆ కుర్రాడు తన పాత గది దగ్గరి సినిమాహాలు గోలను రికార్డు చేసి తెచ్చుకుంటాడు. ఆ సంగతి చెవులకే అందాలి. రెండు, కరకరలాడేవి పెట్టుకోవడం. అప్పడాలు, చిప్స్ మొదటి సినిమాకే సరి. మూడు, దాన్ని భోంచేస్తూ చూడటం. గదిలో బంధించిన మనిషి మలాన్ని బహుమతి పొట్లంలా కట్టి పారేసే తంతు ఒకటి అందులో ఉంది. పళ్ళెం చేతిలో ఉంటే ఇబ్బంది. తెర మీంచి చూపు తిప్పితే కథ తెగిపోతుంది కనుక ఫోన్లు పక్కగదిలో పెట్టించండి. విదేశాల్లో పెరిగి తెలుగు అంతంతమాత్రంగా వచ్చే పిల్లలు ‘మాయాబజార్’ మాటల దగ్గర కొంత తడబడతారు. రెండోఆటలో మాత్రం వాళ్ళూ తాతయ్యా ఒకేసారి నవ్వుతారు.

నిడివి సంగతికి వద్దాం. తెలుగు సినిమాలతో వచ్చే అసలు చిక్కు ఇదే. ‘మాయాబజార్’ అసలు ప్రతి 184 నిమిషాలు. 2010లో వచ్చిన రంగుల ప్రతి నిడివి వేరు, కాబట్టి మీ దగ్గరున్నది ఏదో ముందే చూసుకోండి. మా లెక్క ప్రకారం రెండు సినిమాలూ, మధ్య విరామాలూ కలిపి ఆరున్నర గంటలు దాటకూడదు. పొడవైనది ముందు, పొట్టిది తర్వాత. ‘మాయాబజార్’ సాయంత్రం 4:30కి మొదలుపెట్టి, సగంలో పది నిమిషాలు ఆపితే 7:45కి అయిపోతుంది. భోజనానికి ముప్పావుగంట. 8:30కి రెండోఆట వేస్తే పదకొండులోపు అందరూ పక్కలెక్కుతారు. మన సినిమాల్లో ఇంటర్వెల్ ఎక్కడ పడాలో దర్శకుడే నిర్ణయించి ఉంటాడు, అక్కడే ఆపండి. కాపీలో ‘ఇంటర్వెల్’ అని పడే కార్డు లేకపోతే సగానికి దగ్గరలో ఒక సన్నివేశం ముగిసేచోట ఆపాలి, పాట మధ్యలో ఎప్పుడూ ఆపొద్దు.

పాతది ముందు, కొత్తది తర్వాత అన్నది కూడా ఎక్కువసార్లు పనిచేసే పద్ధతి. గబగబా షాట్లు మారే రంగుల సినిమా చూశాక నలుపు తెలుపు సినిమా ముందు కూర్చుంటే, మొదటి ఇరవై నిమిషాలు నెమ్మదిగా ఉన్నట్టు అనిపిస్తుంది. దోషం సినిమాది కాదు, కళ్ళకు పట్టిన అలవాటుది. దీనికి ఒక్క మినహాయింపు గట్టిగా చెబుతాను: ‘మహానటి’, 2018. అందులో ‘మాయాబజార్’ చిత్రీకరణను మళ్ళీ తీసి చూపించారు కాబట్టి ఈ రెంటినీ జత చేయాలని ఎవరికైనా తోస్తుంది. పాతది ముందు వేస్తే, సావిత్రి గారి పతనంతో రాత్రి ముగిసి ఇల్లంతా బరువెక్కుతుంది. ‘మహానటి’ ముందు వేయండి. ఆమె జీవితం అలా ముగియడం చూసిన తర్వాత, శశిరేఖగా నిండుగా నవ్వుతూ, ఘటోత్కచుడి మీసం తిప్పే తీరును అనుకరిస్తూ ఆమే తెర మీదకొస్తే కలిగే సంతోషం వేరు. కాకపోతే రెండూ కలిపి ఆరు గంటలు. దీనికి పైన చెప్పిన లెక్క సరిపోదు. ఆదివారం మ్యాట్నీ ఒకటి, మధ్యలో రెండు గంటల ఖాళీ, ఆ తర్వాత ఫస్ట్ షో. అలా అయితేనే పెట్టుకోండి.

మాతృక, రీమేక్ జతలు చాలామంది అడుగుతారు. మలుపు మీద నిలబడ్డ కథలకు ఇది పనికిరాదు. మలయాళ ‘దృశ్యం’ చూసిన రాత్రే 2014 నాటి తెలుగు ‘దృశ్యం’ వేస్తే, దాచిన రహస్యం తెలిసిపోయాక మిగిలేది నటుల పోలిక ఒక్కటే. ఊరి మీద, మనుషుల తీరు మీద నిలబడ్డ కథ అయితే బ్రహ్మాండంగా కుదురుతుంది. మలయాళంలో ‘మహేషింటె ప్రతీకారం’, 2016. తెలుగులో ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’, 2020. పగ తీర్చుకునేదాకా చెప్పులు తొడగనని ఒట్టు పెట్టుకున్న ఫొటోగ్రాఫర్ కథే రెంటిలోనూ. అక్కడ ఇడుక్కి కొండలు, ఇక్కడ అరకు. కథ తెలిసిపోయింది కాబట్టి రెండోసారి కళ్ళు కొట్టు మీద, వీధి మీద, అవతలివాళ్ళ పలకరింపుల మీద నిలుస్తాయి.

నవ్వుకోవాలనుకునేవాళ్ళకు డిటెక్టివ్‌ల జత: జంధ్యాల గారి ‘చంటబ్బాయ్’, 1986, ఆ తర్వాత నెల్లూరులో జరిగే ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’, 2019. రెండోది సెకండాఫ్‌లో శవాల చుట్టూ తిరిగే నేరంలోకి దిగుతుంది. చిన్నపిల్లల్ని మొదటాట కాగానే పడుకోబెట్టండి.

ఇక టీవీ దగ్గర చేయాల్సిన పనులు. ఇవి ముందురోజే చూసుకోవాలి. పాత నలుపు తెలుపు సినిమాల చట్రం దాదాపు చతురస్రంగా ఉంటుంది, టీవీలో ఇరుపక్కలా నల్ల పట్టీలు రావాలి. అవి బాగాలేవని జూమ్ పెడితే తలలు, పాదాలు తెగుతాయి. సాగదీస్తే మొహాలు గుమ్మడికాయలవుతాయి. నెట్‌లో కొన్ని కాపీలను ఎక్కించేటప్పుడే సాగదీసి ఉంటారు, వాటిని వదిలేసి వేరేది వెతకండి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. కొత్త టీవీలు వాటి మధ్య లేని ఫ్రేములు కల్పించి చేర్చడంతో సినిమా కాస్తా సీరియల్‌లా కనబడుతుంది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అని ఉంటుంది, దాన్ని ఆపేయండి. ఇలాంటి మార్పులను తానే ఆపేసే ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ఉంటే అదే చాలు.

పాత సినిమా ధ్వని మోనో, అంటే అంతా ఒకే ధారగా వచ్చేది. కొత్తది 5.1, అంటే ఆరు స్పీకర్లకు విడగొట్టింది. పాతదానికి పెట్టిన వాల్యూంలోనే కొత్తది వేస్తే మాటలు గొణిగినట్టూ, ఫైట్లు ఇల్లెగిరిపోయేట్టూ ఉంటాయి. సౌండ్‌బార్ లేనివాళ్ళు ఆడియోను స్టీరియోకి మార్చి, పెద్ద చప్పుళ్ళను తగ్గించే నైట్ మోడ్ ఉంటే పెట్టండి. భోజన విరామంలోనే రెండో సినిమాలో ఒక మాటల సన్నివేశం, ఒక పాట అర నిమిషం చొప్పున వేసి వాల్యూం సరిచూసుకోవాలి. కాపీని కూడా మొదట్లో, మధ్యలో, ఆఖర్లో రెండేసి నిమిషాలు చూడండి. పాటలు కోసేసినవి, ఆఖరి రీలు లేనివి చాలానే తిరుగుతున్నాయి. ఓటీటీలో ఉందిలే అని ధీమాగా ఉండొద్దు, అక్కణ్ణించి సినిమాలు చెప్పకుండా వెళ్ళిపోతాయి. ఆ ఉదయం మళ్ళీ చూసి, వీలుంటే డౌన్‌లోడ్ చేసుకోండి. 55 అంగుళాల టీవీకి ఏడడుగుల దూరంలో కూర్చుంటే సరిగ్గా ఉంటుంది. ప్రొజెక్టర్ వాడేవాళ్ళు ఎండాకాలంలో 4:30కి మొదలెట్టాలంటే మందపాటి పరదాలు తప్పవు, లేకపోతే నలుపు తెలుపు బొమ్మ వెలవెలబోతుంది.

తిండి. బిర్యానీ వద్దు. కడుపునిండా అన్నం తిన్నవాళ్ళు రెండోఆటలో అరగంటకే జోగుతారు. ‘మాయాబజార్’ రోజున మాత్రం గారెలు, బూరెలు ఉండాల్సిందే. వివాహభోజనం పాట అయ్యాక వాటి గురించి అడగనివాళ్ళు ఉండరు. మనిషికి రెండు గారెలు, ఒక బూరె, పక్కన కాస్త పులిహోర లేదా పెరుగన్నం చాలు. పిండి మధ్యాహ్నమే రుబ్బిపెట్టుకుంటే మొదటాట కాగానే వేయించేయొచ్చు, వంట చేసేవాళ్ళకు సినిమా పోదు. పాప్‌కార్న్ అయితే నలుగురికి వంద గ్రాముల గింజలు సరిపోతాయి. రెండోఆటకు ముందు టీ ఇవ్వండి.

మీ ఇంట్లో సగంలో ఆగిపోయిన జతలు ఏవైనా ఉంటే ఇప్పుడు చెప్పండి. ఆ రెంటిలో ఏది మార్చాలో, ఏది ముందు వేయాలో ఇక్కడే చూద్దాం.