నరసాపురం లేసు, అజ్జరం ఇత్తడి, మన జీతం

నమస్కారమండీ. పాలకొల్లు నుంచి మాట్లాడుతున్నాను. ఈ వీడియోలో నేను కొన్న వస్తువు ఒక్కటి కూడా కనిపించదు. కొనలేనివి, అయినా ఏళ్ల తరబడి మనసులో దాచుకున్నవి, వాటి గురించే చెబుతాను.

ఇలాంటి మాట పైకి అంటే చాలు, పక్కనున్నవారు వెంటనే సలహా ఇస్తారు. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలి, ఉన్నదానితో తృప్తి పడాలి అని. నేను కాళ్లు అంతవరకే చాపుకుంటున్నాను. ప్రైవేటు ఉద్యోగం, ఇంటి అద్దె, పిల్లల ఫీజులు పోగా మిగిలేది ఎంతో మీకు తెలియనిది కాదు. అప్పు చేసి ఇంట్లోకి అలంకారాలు తెచ్చుకున్న రోజు లేదు. కానీ ఆ మంచం మీద ఎలాంటి దుప్పటి పరిస్తే బాగుంటుందో ఊహించుకోవడానికి కూడా హద్దు పెట్టుకోమంటే మాత్రం ఒప్పుకోను. అందమైన వస్తువు మీద ఆశను గొప్పల కోసం పాకులాటతో కలిపేయడం అన్యాయం. గొప్ప చూపించుకోవాలనుకునేవారికి ధర తెలిస్తే చాలు. నాకు ఆ వస్తువు ఎవరి చేతుల్లో ఎలా తయారైందో తెలియాలి. తెలిసేకొద్దీ ఆశ పెరుగుతుంది, అది కూడా నిజమే.

నా జాబితాలో మొదటి స్థానం నరసాపురం లేసు దుప్పటిది. డబుల్ కాట్ మంచానికి సరిపడేది. మీగడ రంగు నూలు, మధ్యలో ఒక పెద్ద పువ్వు, దాని చుట్టూ వరుసలుగా చిన్న పువ్వులు, అంచుకు వేలాడే తోరణం. ఎప్పుడూ చూడనివారికి చెబుతున్నాను, ఇది బట్ట మీద చేసిన కుట్టుపని కాదు. కింద అసలు బట్టే ఉండదు. చివర చిన్న కొక్కెం ఉన్న ఒక్క సూది, దారం, అంతే. దారాన్ని మెలికలోంచి మెలికలోకి లాగుతూ ముందు గొలుసు అల్లుతారు. గొలుసు రెండు కొసలు కలిపి గుండ్రం చేస్తారు. ఆ గుండ్రం చుట్టూ రేకులు పెంచుకుంటూ పోతారు. వరుసలో మెలికలు ఎక్కువైతే అంచు మడతలు పడుతుంది, తక్కువైతే పువ్వు లోపలికి ముడుచుకుపోతుంది. ఆ లెక్కంతా అల్లే మనిషి తలలో ఉంటుంది. పక్కింటావిడతో మాట్లాడుతూ, పొయ్యి మీద అన్నం వైపు ఓ చూపు వేస్తూ, చేతులు మాత్రం లెక్క తప్పకుండా సాగిపోతుంటాయి.

పువ్వులు అల్లడాన్ని చేతిపని అంటారు. అల్లిన పువ్వుల్ని ఒకదానికొకటి కలపడం అతుకుపని. పెద్ద దుప్పటి అయితే పువ్వులు ఒక్క ఇంట్లో తయారు కావు. ఒకరి చెయ్యి బిగువు, మరొకరిది వదులు. వాటన్నిటినీ చదునుగా పరుచుకునేలా కలపాల్సింది అతుకుపని చేసేవారే. నన్నడిగితే దుప్పటిలో అసలు కష్టం అక్కడే ఉంది, దాని గురించే ఎవరూ చెప్పరు. మీరెప్పుడైనా లేసు కొంటే పువ్వును మెచ్చుకుని ఊరుకోకండి. వెనక్కి తిప్పి రెండు పువ్వులు కలిసిన చోటు చూడండి. ముడి కనపడకుండా దారం కొస లోపలికి పోయిందంటే ఆ చెయ్యి మంచి చెయ్యి.

ఇంకో సంగతి. ఈ క్రోషే అల్లికను ఉన్నదున్నట్టు చేసే యంత్రం ఇప్పటికీ రాలేదు. బజారులో చవకగా దొరికే యంత్రపు లేసు వేరే పద్ధతిలో తయారవుతుంది. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది. చేతి అల్లికలో ఒక మెలికను పట్టుకుని దారం అక్కడి నుంచి ఎటు పోయిందో వేలితో వెతుక్కోవచ్చు. యంత్రపు లేసులో సన్నటి పోగులు ఒకదాని మీద ఒకటి కుక్కినట్టు ఉంటాయి, దారి దొరకదు. ఆ నకలు కొనుక్కుని తృప్తి పడమని నాకు చాలామంది చెప్పారు. అది పరిస్తే రోజూ నాకు నేను కోరుకున్నది గుర్తొస్తూనే ఉంటుంది. దానికన్నా మామూలు చేనేత దుప్పటి వేసుకుంటాను. అది దేనికీ నకలు కాదు.

ఈ పని మన డెల్టాలో పుట్టింది కాదు. 1840ల ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకు నేర్పారు. కూలికి బయటికి వెళ్లే అలవాటు లేని ఇళ్లలో, గడప దాటకుండా నాలుగు డబ్బులు కళ్లజూసే పని ఇది. అందుకే వేగంగా పాకింది. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు, గోదావరి దాటితే రాజోలు వైపు పల్లెలు, ఎన్నో అరుగుల మీద ఇదే సూది. సీతారామపురంలో లేసు పార్కు వచ్చింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాని వల్ల మరెక్కడో చేసిన సరుకును నరసాపురం పేరుతో అమ్మడానికి వీల్లేదు. నాకు చాలా సంతోషమైంది. అయితే అల్లే చేతికి ఎంత ఇవ్వాలన్నది ఆ గుర్తింపు చెప్పే విషయం కాదు.

మా వైపు అల్లే ఒక పెద్దావిడను అడిగాను. "పిన్నిగారూ, ఇన్నేళ్లుగా అల్లుతున్నారు కదా, మీ ఇంట్లోకి ఒక్క దుప్పటైనా ఉంచుకున్నారా?" అని. ఆవిడ సూది ఆపకుండానే చెప్పారు. "దారం మనది కాదు కదమ్మా. ఏజెంటు తూకం వేసి ఇస్తాడు, తూకం వేసి పట్టుకుపోతాడు. మనకని అల్లుకోవాలంటే దారం మనమే కొనాలి, అన్ని రోజులు కూలి మానుకోవాలి."

దుప్పటి నాకు అందదు. అల్లిన ఆవిడకూ అందదు. ఏజెంటు, ఎగుమతి వ్యాపారి, ఉతికి ఇస్త్రీ చేసేవారు, పెట్టెలు కట్టేవారు, ఓడ ఖర్చు, అవతలి దేశంలో దుకాణం, ఇన్ని చోట్ల ఆగి పెరిగిన ధర అది. అల్లినందుకు చేరేది అందులో కొద్ది భాగం. నాకు ఖరీదైన వస్తువే ఆవిడ దగ్గర చవకగా అమ్ముడుపోయింది. అందుకే ప్రదర్శనల్లో ఎవరైనా దుప్పటి ధర చూసి "దారానికి ఇంతా?" అని పెదవి విరిస్తే నాకు బాధ కలుగుతుంది. నేను కొనలేను, కానీ దాని ధర ఎక్కువని ఎప్పుడూ అనను. ఆ తేడా మనం పాటించాలి. నా జేబు చిన్నదైనంత మాత్రాన ఆవిడ పని చిన్నది కాదు.

ఇత్తడి సంగతి మరో రకం. లేసు దుప్పటి మా ఇంట్లో ఎన్నడూ లేదు. ఇత్తడి ఉండేది, పోయింది.

తణుకు దగ్గర పెరవలి మండలంలో అజ్జరం ఉంది. బిందెలు, గంగాళాలు, గుడి గంటలు, ఇత్తడి పేరు ఎత్తితే మా వైపు ఆ ఊరే చెబుతారు. అక్కడ తయారైన బిందె ఒకటి నాకు కావాలి. నున్నగా మెరుగుపెట్టింది వద్దు, సుత్తి దెబ్బల గుర్తులు కనిపించేది కావాలి. రేకును కొట్టి కొట్టి వంపు తెస్తారు. కొట్టేకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది, అలాగే కొడుతూ పోతే చిట్లుతుంది. అందుకని మధ్య మధ్యలో కొలిమిలో కాల్చి మెత్తబరిచి మళ్లీ కొడతారు. ఎక్కడ ఆపాలో ఆ సుత్తి చప్పుడును బట్టి తెలుసుకునే చెవి ఉండాలి. వంటపాత్ర అయితే లోపల కళాయి కూడా వేయాలి. పాత్రను వేడి చేసి, నవాసారం పొడి చల్లి శుభ్రం చేసి, తగరం కరిగించి గుడ్డతో లోపలంతా తిప్పుతారు. కళాయి పోయిన ఇత్తడిలో చింతపండు పులుసు కాస్తే చిలుము వచ్చి పాడవుతుంది. కళాయి అరిగినప్పుడల్లా మళ్లీ వేయించాలి. వేసేవారు వీధిలో కనపడటం తగ్గిపోయింది.

అమ్మమ్మల కాలంలో ఈ సామాను సారెలో వచ్చేది. తర్వాత స్టీలు వచ్చింది. వీధిలోకి వచ్చిన సామాన్లవారికి ఇత్తడి తూకానికి ఇచ్చి స్టీలు గిన్నెలు తీసుకున్నారు. అలా ఎందుకు ఇచ్చేశారని ఈ తరం వాళ్లు విసుక్కుంటూ ఉంటారు. నేను ఆ మాట అనను. నూతి దగ్గర నుంచి ఇత్తడి బిందె చంకన పెట్టుకుని మోసింది వాళ్లు. చింతపండు, బూడిద పెట్టి రోజూ తోమింది వాళ్లు. తేలికైన, నల్లబడని గిన్నె దొరికితే సంతోషించడం వాళ్ల హక్కు. ఆ అందాన్ని తీరికగా చూసే అవకాశం నాకు వచ్చిందంటే, తోమే పని నా నెత్తిన లేదు కాబట్టే.

పాత సామాన్ల దుకాణంలో బిందెల మెడ చుట్టూ చూడండి. చుక్కలు చుక్కలుగా చెక్కిన పేర్లు ఉంటాయి. ఫలానా వారి అమ్మాయి పెళ్లికి ఫలానా వారు ఇచ్చినది, తేదీతో సహా. ఆ పేర్లు చదువుతూ నేను చాలాసేపు నిలబడిపోతాను. అలాంటిది కొనగలిగినా కొనను. ఆ ఇంటివాళ్లు ఎవరైనా ఎప్పుడైనా వెతుక్కుంటూ వస్తారేమో అనిపిస్తుంది. నాకు కొత్తదే కావాలి, మా ఇంటి పేరు చెక్కించుకోవడానికి.

ఉయ్యాల బల్ల గురించి ఎక్కువ చెప్పను, చెబితే కోపం వస్తుంది. కోనసీమలో మండువా ఇళ్లు పడగొడుతున్నారు. వారసులు ఎక్కడెక్కడో ఉన్నారు, పెంకులు మార్పించేవారు లేరు, వాన కారుతుంది, కారణాలు అర్థమవుతాయి. కానీ టేకు తలుపులు ఒక ఊరికి, చెక్కిన స్తంభాలు మరో ఊరికి, ఇత్తడి గొలుసులు తూకానికి, బల్ల ఏ హోటల్ వరండాకో పోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ బల్ల కొనే స్థోమత నాకు ఎప్పటికీ రాదు. వచ్చినా వేలాడదీయడానికి మా అద్దె ఇంట్లో దూలం లేదు. అది ఉన్న ఇంట్లోనే ఉంటే చాలు అని కోరుకుంటాను.

రాజమండ్రి కలం కూడా ఉంది. 1932లో మొదలైన రత్నం పెన్నులు. లేతు యంత్రం మీద ఎబొనైటు అనే గట్టి రబ్బరు కడ్డీని తిప్పుతూ చేత్తో మలిచే ఇంకు పెన్ను. 1935లో గాంధీజీ అక్కడి పెన్నుతో రాసి, విదేశీ పెన్నులకు బదులుగా పనికొస్తుందని మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. మిగతావాటితో పోలిస్తే ఇదొక్కటే నాకు అందేంత దూరంలో ఉంది, ఎప్పుడో ఒకప్పుడు తీసుకుంటాను. ఉప్పాడ జాంధానీ చీరల జోలికి ఈ రోజు వెళ్లను, వాటికి విడిగా ఒక వీడియో కావాలి.

కొననప్పుడు దుకాణానికి వెళ్లడం ఎందుకని కొందరు సిగ్గుపడతారు. నేను లోపలికి వెళ్లగానే చెప్పేస్తాను, "కొనడానికి రాలేదండీ, చూడాలని వచ్చాను" అని. కొందరు ముఖం తిప్పుకుంటారు, వారి పని వారిది. నరసాపురంలో ఒక దుకాణంలో మాత్రం యజమాని దుప్పటి పూర్తిగా విప్పి నేల మీద చాప వేసి పరిచారు. ఏ పువ్వు ఏ ఊరి చెయ్యో చూపించారు. కొనేవారు ఇంతసేపు చూడరమ్మా అన్నారు.

ఆ రోజు నుంచి ఒక ఆలోచన నడుస్తోంది. మా వీధిలో ఆడవాళ్లం బంగారానికి చీటీ కడతాం, పండగ సరుకులకు కడతాం, ఒకప్పుడు స్టీలు సామాన్లకూ కట్టాం. లేసు దుప్పటికి ఎందుకు కట్టకూడదు? పాట పాడి తగ్గించుకునే చీటీ వద్దు. వరుస ప్రకారం ఒక్కొక్కరికి ఒక్కో దుప్పటి. దారం మేమే కొని ఇస్తాం. చేతిపని, అతుకుపని చేసేవారికి డబ్బు నేరుగా ఇస్తాం. పిన్నిగారిని అడిగితే ఒకే షరతు పెట్టారు. "కొలత ముందే చెప్పండి, మధ్యలో మార్చకండి, రంగు మార్చమని అసలే అడగకండి" అన్నారు. మంచం పొడవు, వెడల్పు, పక్కలకు ఎంత వేలాడాలో ఇప్పుడే టేపుతో కొలిచి రాసుకుంటున్నాం.

తేలని విషయం ఒకటే ఉంది. పువ్వుకు ఇంత అని ఏజెంటు ఇచ్చే రేటు పిన్నిగారు చెప్పారు. మేము ఆ రేటే ఇస్తే ఇక మేము చేసిందేమిటి? ఎంత ఇవ్వాలో ఆవిడను అడిగితే "మీ ఇష్టమమ్మా" అంటున్నారు. కాబట్టి ఈ వీడియో చూస్తున్నవారిలో సూది పట్టినవారు, మీ అమ్మగారో అత్తగారో అల్లేవారు ఉంటే చెప్పండి. అరచేతి వెడల్పు పువ్వు ఒకటి అల్లడానికి ఎంతసేపు పడుతుంది, దానికి ఎంత వస్తే న్యాయం అనిపిస్తుంది? అతుకుపనికి విడిగా ఎంత? మీ సమాధానాలు చూశాకే చీటీ నెలకు ఎంతో ఖరారు చేస్తాం.