ఆసిఫ్‌నగర్ చుక్కలు

(జాతీయ ఓటర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లోని బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) అక్కాచెల్లెళ్లకు, రేపో మాపో ప్రిసైడింగ్ అధికారులుగా సంచి భుజాన వేసుకోబోయే ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన ఇరవై నిమిషాలూ అక్కడే అయిపోతాయి. మన్నించండి.

నాకిచ్చిన అంశం 'పోలింగ్ కేంద్రాల్లో ర్యాంపులు, వీల్‌చైర్లు'. సరే, ర్యాంపుతోనే మొదలుపెడతాను. బడి వరండాకు మూడు మెట్లుంటాయి. మెట్టుకు ఆరంగుళాల లెక్కన ఎత్తు పద్దెనిమిది అంగుళాలు. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి, అంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. మొత్తం పద్దెనిమిది అడుగులు. మనవాళ్లేం చేస్తారు? ఎన్నికల ముందురోజు సాయంత్రం ఆరడుగుల చెక్క తెచ్చి మెట్ల మీద వాలుస్తారు. ఫొటో తీస్తారు, 'ర్యాంపు ఉంది' అని పట్టికలో టిక్కు పెడతారు. ఆ వాలు ఒకటికి నాలుగు. దాని మీద కుర్చీని వెనక నుంచి తోస్తే ముందు చక్రాలు లేచి మనిషి వెనక్కి పడతాడు. పద్దెనిమిది అడుగులకు చోటు లేకపోతే తొమ్మిదేసి అడుగులు రెండు ముక్కలుగా చేసి, మధ్యలో కుర్చీ తిరిగేందుకు ఐదడుగుల చదును వదలండి. రెండు పక్కలా పట్టుకునే కడ్డీలు ఉండాలి.

ర్యాంపు ఎక్కాక గదికి గడప ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. రెండంగుళాల గడప చాలు, కుర్చీ ముందుండే చిన్న చక్రాలు అక్కడే ఆగిపోతాయి. రెండడుగుల ఏటవాలు చెక్క లోపలొకటి, బయటొకటి వేస్తే దాటుతుంది. తలుపుకు రెండు రెక్కలుంటే ఒక్కటే తెరిచి, రెండో దానికి బల్ల అడ్డం పెట్టడం మన అలవాటు. కుర్చీ సాఫీగా వెళ్లాలంటే కనీసం ముప్పై రెండు అంగుళాల దారి కావాలి. రెండు రెక్కలూ తీయండి, దానికి పైసా ఖర్చు లేదు. ఇక ఓటింగ్ కంపార్ట్‌మెంట్ పెట్టే బల్ల ముప్పై అంగుళాల ఎత్తుండాలని నిబంధన. బల్ల ఎత్తు సరిగ్గానే ఉన్నా, దాని కింద పుస్తకాల అర ఉంటే మోకాళ్లు లోపలికి పోవు. మోకాళ్లు పోకపోతే చెయ్యి బ్యాలెట్ యూనిట్, అంటే ఓటు బటన్లుండే పెట్టె, పై వరుస దాకా అందదు. అర లేని బల్ల వెతకండి.

ర్యాంపు గురించి ఇంతే. ఎందుకింతే అంటే, అందుబాటు అనగానే మన బుర్రలో కుర్చీ, ర్యాంపు తప్ప మరొకటి మెదలకపోవడమే నా ఫిర్యాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016 ఇరవై ఒక్క రకాల వైకల్యాలను గుర్తించింది. దాని 11వ సెక్షన్ పోలింగ్ కేంద్రం అందుబాటులో ఉండాలని చెప్పి ఊరుకోలేదు, ఎన్నికలకు సంబంధించిన సామగ్రి అంతా అర్థమయ్యేలా, అందుకునేలా ఉండాలంది. కేంద్ర ఎన్నికల సంఘమే కాదు, రాష్ట్ర ఎన్నికల సంఘాలూ ఆ పని చేయాలంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు ఆసిఫ్‌నగర్ సంగతి. ఈవీఎం మీద బ్రెయిలీ అంకెలను, అంటే చూపులేనివారు వేళ్లతో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కలను, 2004లో తొలిసారి ప్రయత్నించింది ఎక్కడో కాదు, మన హైదరాబాద్ ఆసిఫ్‌నగర్ అసెంబ్లీ ఉప ఎన్నికలో. తర్వాత బీహార్, జార్ఖండ్, హర్యానాల్లో ఒక్కో నియోజకవర్గంలో చూశారు. 2009 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటా ఈవీఎంల మీద చుక్కలు వచ్చాయి. నియోజకవర్గాల పునర్విభజనలో ఆసిఫ్‌నగర్ పేరు పోయింది. చుక్కలు మాత్రం ఉన్నాయి. ఉన్నాయి కానీ, వాటిని తడిమే అవకాశం ఎందరికి ఇస్తున్నాం?

చుక్కలు పనిచేసే తీరు చెబుతాను, ఉపాధ్యాయ మిత్రులు రాసుకోండి. బ్యాలెట్ యూనిట్ మీద నీలి బటన్ల పక్కన 1 నుంచి 16 వరకు బ్రెయిలీ అంకెలుంటాయి. పేర్లుండవు. పేర్లు, క్రమసంఖ్యలు వేరే కాగితం మీద ఉంటాయి, అదే బ్రెయిలీ నమూనా బ్యాలెట్. ఓటరు ముందు దాన్ని చదివి తన అభ్యర్థి అంకె పట్టుకోవాలి, తర్వాత యంత్రం దగ్గర ఆ అంకె వెతుక్కోవాలి. కాగితం ఇవ్వకుండా యంత్రం దగ్గరికి పంపితే ఆ చుక్కలతో ప్రయోజనం సున్నా. కాబట్టి ఓటరు రాగానే మొదటి ప్రశ్న: "మీరే వేస్తారా, తోడు కావాలా?" ఈ ప్రశ్న ఓటరును అడగాలి, పక్కనున్న కొడుకునో కోడలినో కాదు. తర్వాత కుర్చీ వేసి, బల్ల మీద నమూనా పత్రం పెట్టి, చదువుకోనివ్వండి. ఐదు నిమిషాలు పట్టినా తొందరపెట్టకండి. చదివాక కంపార్ట్‌మెంట్ దాకా తీసుకెళ్లి, చేతిని యూనిట్ పై అంచున ఆనించి, వెనక్కి వచ్చేయండి. కంట్రోల్ యూనిట్ దగ్గరి అధికారి బ్యాలెట్ విడుదల చేస్తే చాలు. బీప్ వస్తే ఓటు పడినట్టు.

మరి రెండు యూనిట్లుంటే? రెండో దాని మీద కూడా అంకెలు ఒకటి నుంచే మొదలు. 17వ అభ్యర్థి అంటే రెండో యూనిట్‌లో ఒకటో బటన్. ఇది నోటితో చెప్పాలి, చెప్పకపోతే తెలియదు. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 185 మంది అభ్యర్థులు. పన్నెండు యూనిట్లు పెట్టారు. నూరో నంబరు అభ్యర్థి ఎక్కడుంటాడో లెక్కకట్టండి. ఏడో యూనిట్‌లో నాలుగో బటన్! చూపున్నవాళ్లే బిక్కమొహం వేసే చోట వేళ్లతో వెతకడం ఎంత పనో మీరే చెప్పండి.

ఇక తోడు. ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49ఎన్ అని ఒకటుంది. గుర్తులు పోల్చుకోలేని, బటన్ నొక్కలేని ఓటరు పద్దెనిమిదేళ్లు నిండిన ఒకరిని లోపలికి తీసుకెళ్లవచ్చు. ఆ తోడు ఒక రోజు ఒక్క ఓటరుకే. ఓటు రహస్యం బయటపెట్టనని ధ్రువీకరణ రాసివ్వాలి. మీరు 14ఎ ఫారంలో నమోదు చేయాలి. నియమం మంచిదే. తప్పు వాడకంలో ఉంది. తీసుకెళ్లవచ్చు అన్నదాన్ని మనం తీసుకెళ్లాల్సిందే అని చదువుతున్నాం. నల్ల కళ్లద్దాలు కనబడగానే "మీతో ఎవరొచ్చారు?" అంటాం. తోడుగా వచ్చినవాడు ఏ బటన్ నొక్కాడో ఓటరుకు తెలిసే దారేది? ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ యంత్రం అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనబడి పడిపోతుంది. కనబడేవాళ్లకు! ఆ ఏడు సెకన్లలో చూపులేని ఓటరుకు వినబడే మాట ఒక్కటీ లేదు. ఎవరికి పడిందో బీప్ చెప్పదు.

అందరికీ బ్రెయిలీ రాదు కదా అంటారు. నిజమే, పెద్ద వయసులో చూపు పోయినవాళ్లలో చాలామంది బ్రెయిలీ నేర్వలేదు. అందుకే ఇయర్‌ఫోన్ కావాలంటున్నాం. అమెరికాలో ప్రతి పోలింగ్ కేంద్రంలోనూ వికలాంగులు స్వయంగా ఓటేయగల యంత్రం కనీసం ఒకటి ఉండాలని 2002లోనే చట్టం చేశారు. అభ్యర్థి పేరు చెవిలో చదివే చిన్న పెట్టెకు ఇంటర్నెట్ అక్కర్లేదు. యంత్రం భద్రతకు వచ్చే ముప్పేమిటో నాకు అర్థం కాదు.

చెవుల మాట వచ్చింది కాబట్టి: వినబడని ఓటరుతో గట్టిగా అరవకండి. ముఖానికి ఎదురుగా నిలబడి, వేలితో చూపించి, కాగితం మీద రాసి చెప్పండి. ఎడమ చూపుడువేలు లేని వారి సిరా గురించి కూడా నియమం ఉంది. ఎడమ చేతి మరో వేలు, అదీ లేకపోతే కుడి చేతి వేలు, ఏదీ లేకపోతే మిగిలిన చేతి కొస. వెనక్కి పంపడానికి కారణమే లేదు.

బీఎల్ఓ అమ్మలారా, ఇప్పుడు మీ వంతు. 2011 జనగణనలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు, జనాభాలో 2.21 శాతం. 2024 ఎన్నికల ముందు జాబితాలో వికలాంగులుగా గుర్తించిన ఓటర్లు 88.4 లక్షలు, దాదాపు 97 కోట్ల మందిలో ఒక శాతం కూడా లేదు. జనగణనలో పిల్లలూ ఉన్నారనుకోండి, అయినా మిగిలినవాళ్లేరీ? ఓటర్లుగా ఉండే ఉంటారు, వికలాంగులని గుర్తు పడలేదు. ఓటరు వివరాలు సరిచేసే ఫారం 8లో ఆ గడి ఉంది. ఎన్నికల సంఘం యాప్‌లోనూ చేయవచ్చు. గుర్తు లేకపోతే మీ దగ్గరి జాబితాలో ఆ పేరు రాదు, ఇంటి నుంచే ఓటేస్తామని కోరే 12డి ఫారం వాళ్లింటికి చేరదు. బుద్ధిమాంద్యం ఉందని ఎవరి పేరూ తీసేయకండి. కోర్టు ప్రకటిస్తే తప్ప అది అనర్హత కాదు.

ఇంటి ఓటు అర్హత 85 దాటినవారికి, 40 శాతం వైకల్యం ఉన్నవారికి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రమో యూడీఐడీ కార్డో జతచేసి, నోటిఫికేషన్ వెలువడిన ఐదు రోజుల్లో 12డి ఇవ్వాలి. షెడ్యూల్ ప్రకటించిన రోజు వేరు, నోటిఫికేషన్ రోజు వేరు. గడువు తప్పేది ఇక్కడే. ఒకసారి ఇంటి ఓటు కోరుకుంటే బూత్‌లో వేయనివ్వరు, ఇది ముందే చెప్పండి. ఇంకొకటి కూడా చెప్పండి: ఇంటికి వచ్చేది కాగితం బ్యాలెట్, దాని మీద చుక్కలుండవు.

చూశారా, మళ్లీ అక్కడికే వచ్చాను. కాగితం! మన రెండు రాష్ట్రాల్లో పంచాయతీ ఎన్నికలు కాగితం మీదే. ఎమ్మెల్యే ఎన్నికలో ఎవరి తోడూ లేకుండా ఓటేసిన మనిషి, సర్పంచి ఎన్నికలో పక్కింటివాడి చెయ్యి పట్టుకోవాలి. నలుగురూ నలుగురికీ తెలిసిన ఊళ్లో, రహస్యం ఎక్కువ అవసరమైన చోట, రహస్యం లేదు. బ్రిటన్‌లో కాగితం మీద అంటించే పట్టీ వాడారు. అంకెలు ఉబ్బెత్తుగా ఉంటాయి, ఒక్కో అంకె పక్కన గడి మీద మూత ఉంటుంది. ఎవరిది ఏ గడో చదివి వినిపించేవాళ్లు లేకపోతే చాలదని 2019లో అక్కడి కోర్టు తప్పుబట్టిన మాట నిజమే. కానీ మనకు బ్రెయిలీ నమూనా పత్రం ఉందిగా! రెండూ కలిపితే సరిపోతుంది. సర్పంచికి, వార్డు సభ్యుడికి పోటీచేసేది గుప్పెడు మంది, పది గళ్ల అట్టముక్క చాలు. 11వ సెక్షన్‌లో రాష్ట్ర ఎన్నికల సంఘం పేరు ఉందని ఇందాక గుర్తుంచుకోమన్నది ఇందుకే.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. ఉపాధ్యాయ మిత్రులారా, అసెంబ్లీకైనా పార్లమెంటుకైనా, పంపిణీ కేంద్రంలో సామగ్రి సంచి ఇస్తారు. లక్క, దారం, సిరా సీసా లెక్కపెట్టుకుంటారు కదా. వాటితోపాటు బ్రెయిలీ నమూనా పత్రం ఉందో లేదో చూడండి. అది మీ నియోజకవర్గానిదేనా, అభ్యర్థుల సంఖ్య సరిపోతోందా అడగండి. లేకపోతే కౌంటర్ దగ్గరే నిలబడండి, సంతకం పెట్టకండి. బూత్‌కు చేరాక దాన్ని సంచి అడుగున వదలకుండా మొదటి అధికారి బల్ల మీద పెట్టండి.