ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్‌కు బాధ్యత ఎవరిది? ఆసుపత్రుల డేటాపై నెల్లూరు స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. ఈ వారం చర్చకు స్వాగతం. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కు రిపోర్టులు చేరవేసేవాటిలో, అంటే ఇంటిగ్రేషన్ ఇంజిన్లలో, బాగా పేరున్నది మిర్త్ కనెక్ట్. 2025 మార్చిలో 4.6 వెర్షన్‌తో నెక్స్ట్‌జెన్ సంస్థ దాన్ని ఓపెన్ సోర్స్ నుంచి, అంటే కోడ్‌ను ఎవరైనా చూసి ఉచితంగా వాడుకునే పద్ధతి నుంచి, తప్పించింది. ఇకమీదట కొత్త వెర్షన్లు కావాలంటే లైసెన్స్ కొనాల్సిందే. మరి ఇన్నాళ్ళూ ఊరికే వాడుకున్నవాళ్ళ సంగతేంటి? ఆసుపత్రులకు ఇంటిగ్రేషన్ చేసే ఇంజినీర్, నెల్లూరు నుంచి ఒక పాథాలజిస్ట్, ఒంగోలు నుంచి ఒక ఆసుపత్రి ఐటీ మేనేజర్ మనతో ఉన్నారు. ముగ్గురికీ సమాన సమయం ఇస్తాం. మేనేజర్ గారూ, ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టు తారుమారైతే బాధ్యత ఎవరిది?

ఐటీ మేనేజర్: మా భయం కూడా అదేనండీ. అర్ధరాత్రి ఛానెల్, అంటే రిపోర్టులు వెళ్ళే దారి, ఆగిపోతే ఫోన్ చెయ్యడానికి ఒక నంబరుండాలి. ఓపెన్ సోర్స్ అంటే ఫోరంలో ప్రశ్న పెట్టి, జవాబు కోసం...

ఇంజినీర్: (అందుకుని) ఒక్క నిమిషం సార్. ముందు జనానికి ఒక మాట తెలియాలి. పాత కోడ్ యాడికీ పోలేదు. 4.5.2 దాకా వచ్చిందంతా మొజిల్లా పబ్లిక్ లైసెన్స్ కింద ఉంది, దాన్ని ఎవరూ వెనక్కి లాక్కోలేరు. ఆ కోడ్ మీదనే ఓపెన్ ఇంటిగ్రేషన్ ఇంజిన్ అని ఒకటి, బ్రిడ్జ్‌లింక్ అని ఇంకొకటి నడుస్తున్నాయి. మీ ఛానెళ్ళు ఎక్స్‌పోర్ట్ చేసి అందులో ఇంపోర్ట్ చేసుకోండి, ముందు టెస్ట్ సర్వర్‌లో వారం రోజులు నడిపి చూడండి. వాడే ప్లగిన్లు, డేటాబేస్ డ్రైవర్ సరిపోతున్నాయో లేదో అక్కడే బయటపడుతుంది.

యాంకర్: అది సరే, బాధ్యత...

ఇంజినీర్: వస్తున్నా. అసలు భయపడాల్సింది పాత వెర్షన్లు పెట్టుకుని కూర్చున్నవాళ్ళు. 2023లో ఇందులో పెద్ద భద్రతా లోపం బయటపడింది. లాగిన్ కూడా లేకుండా బయటివాడు సర్వర్ మీద తన కమాండ్ నడిపించేయొచ్చు. 4.4.0లో దానికి సరైన మందు పడలేదు, 4.4.1లో పడింది. ఇంకా 3 సిరీస్ వాడుతూ, ఇంట్లో నుంచి చూసుకోవడానికి వీలుగా ఉంటుందని 8443 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టినవాళ్ళకు చెప్తున్నా. ఈ రాత్రే మూసేయండి. వీపీఎన్ అనే రక్షణ ఉన్న దారి ద్వారా తప్ప అడ్మిన్ స్క్రీన్ కనపడకూడదు.

ఐటీ మేనేజర్: నేను చెప్పేదీ అదే కదా! మద్దతు ఒప్పందం ఉంటే ఆ అప్‌డేట్ వాళ్ళే చూసుకుంటారు.

ఇంజినీర్: ఒప్పందం ఉన్నా అప్‌డేట్ మీ సర్వర్‌లో పెట్టాల్సింది మీరే.

యాంకర్: మేడమ్, ల్యాబ్ వైపు నుంచి మీరు చెప్పండి.

పాథాలజిస్ట్: నాకు సాఫ్ట్‌వేర్ కంపెనీ ఏదైనా ఒకటే. రిపోర్టు సరైన మనిషికి, సరైన యూనిట్‌తో చేరాలి. నెల్లూరు ఓపీలో ఏ రోజు చూసినా పెంచలయ్యలు, పెంచలమ్మలు నలుగురైదుగురు ఉంటారు. పుట్టిన తేదీ తెలియదంటారు, కౌంటర్‌లో వయసు అడిగి జనవరి 1 అని వేసేస్తారు. ఫోన్ నంబరు ఇంటిల్లిపాదికీ ఒకటే. పేరు, వయసు, ఫోన్ చూసి ఫలితాన్ని జత చేసేలా ఛానెల్ రాస్తే తండ్రి క్రియాటినిన్, అంటే కిడ్నీ పరీక్ష ఫలితం, కొడుకు పేరు మీదకు పోతుంది.

ఇంజినీర్: అందుకే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు మెసేజ్‌లు పంపుకునే హెచ్‌ఎల్‌7 పద్ధతిలో పీఐడీ-3 అనే గడి ఉంది! పేషెంట్ నంబరు అందులోనే రావాలి, ఆ నంబరు ఏ ఆసుపత్రిదో కూడా దాని పక్కనే ఉండాలి. శాంపిల్ ట్యూబ్ మీద బార్‌కోడ్, ఆర్డర్ నంబరు, పీఐడీ-3... మూడూ కలిస్తేనే ఎక్కించాలి. ఒక్కటి తేడా వచ్చినా ఆ మెసేజ్‌ను పక్కన పెట్టి మనిషికి చూపించాలి. పీఐడీ-5లో ఉండే పేరు సరిచూసుకోవడానికే, వెతుక్కోవడానికి కాదు.

పాథాలజిస్ట్: ఇంకొకటి చెప్పనివ్వండి. ఫలితం సవరిస్తే...

యాంకర్: అక్కడికే వస్తున్నా మేడమ్. తండ్రి రిపోర్టు కొడుక్కి పోయింది. బాధ్యత ఎవరిది? ఊరికే ఇచ్చినవాళ్ళదా, పెట్టినవాళ్ళదా?

ఇంజినీర్: మ్యాపింగ్, అంటే ఏ గడి ఎక్కడికి పోవాలో, రాసినవాడిది, దాన్ని సరిచూసి సంతకం పెట్టిన ల్యాబ్‌ది. డబ్బులిచ్చి కొన్న ఇంజిన్‌లోనూ మ్యాపింగ్ మనమే రాసుకోవాలి సార్!

ఐటీ మేనేజర్: కొన్నచోట కనీసం శిక్షణ పొందిన మనిషి వస్తాడు. మన జిల్లాల్లో హెచ్‌ఎల్‌7 తెలిసినవాళ్ళు ఎంతమంది...

ఇంజినీర్: తయారుచేసుకోవాలి! బీటెక్ చదివిన పిల్లలకు జావాస్క్రిప్ట్ వస్తుంది, మెసేజ్‌ను మార్చే ట్రాన్స్‌ఫార్మర్ రాసేది అందులోనే. వాళ్ళు తడబడేది చిన్న విషయాల దగ్గరే. మెసేజ్ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలియడానికి ముందు 0బి అనే హెక్స్ బైట్, చివర 1సి, 0డి ఉండాలి. సెగ్మెంట్ల మధ్య, అంటే మెసేజ్‌లోని వరసల మధ్య, క్యారేజ్ రిటర్న్ అనే గుర్తు ఉండాలి. కొన్ని ల్యాబ్ సాఫ్ట్‌వేర్లు అక్కడ న్యూలైన్ అనే వేరే గుర్తు పంపిస్తాయి, అప్పుడు మెసేజ్ మొత్తం ఒకే సెగ్మెంట్‌లాగా కనపడుతుంది. తెలుగులో పేర్లు పంపితే రెండు వైపులా యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతి పెట్టాలి, లేకపోతే పేరున్నచోట ప్రశ్నార్థకాలు వస్తాయి.

యాంకర్: ఇవి సామాన్య ప్రేక్షకుడికి...

ఇంజినీర్: అన్నిటికన్నా ముఖ్యమైంది అక్నాలెడ్జ్‌మెంట్. దీన్ని అందరూ వినాలి. ల్యాబ్ నుంచి మెసేజ్ రాగానే ‘ఏఏ’ అని, అంటే అందిందని, జవాబు వెళ్తుంది. ఆ జవాబు ఎప్పుడు పంపాలో సెట్టింగ్ ఉంది. ప్రాసెసింగ్‌కు ముందే పంపేలా పెట్టినప్పుడు ఆసుపత్రి డేటాబేస్ పడిపోయినా ల్యాబ్‌కు ‘ఏఏ’ వెళ్ళిపోతుంది. ల్యాబ్‌వాళ్ళు రిపోర్టు చేరిందనే అనుకుంటారు. పొటాషియం 6.8 లాంటి ప్రమాదకరమైన విలువ వచ్చిన పేషెంట్ విషయంలో ఆ అనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

పాథాలజిస్ట్: క్రిటికల్ విలువలకు మేం ఫోన్ చేసి చెప్తాం. అది ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా మానకూడదు.

ఇంజినీర్: మానకూడదు, ఒప్పుకుంటా. డెస్టినేషన్ దగ్గర, అంటే మెసేజ్ చేరాల్సిన చోటికి, క్యూ పెట్టండి. అవతలి జవాబును చదివి చూసే రెస్పాన్స్ వ్యాలిడేషన్ ఆన్ చెయ్యండి. అది లేకపోతే అవతలివాళ్ళు ‘ఏఈ’ అని, అంటే తప్పుందని, తిప్పికొట్టినా ఇక్కడ ‘సెంట్’ లెక్కలోనే పడుతుంది. క్యూ తలలో చెడ్డ మెసేజ్ ఒకటి ఇరుక్కుంటే వెనకవన్నీ ఆగిపోతాయి, అందుకని క్యూ ఎంత పెరిగితే ఎవరి ఫోన్‌కు అలర్ట్ పోవాలో ముందే రాసిపెట్టండి.

ఐటీ మేనేజర్: డిస్క్ సంగతి కూడా చెప్పండి. మెసేజ్‌లన్నీ దాచుకుంటూ పోయి డిస్క్ నిండితే మొత్తం ఇంజినే ఆగుతుంది.

ఇంజినీర్: అది నిజం. ఇన్‌స్టాల్ చెయ్యగానే వచ్చే డెర్బీ డేటాబేస్ మీదనే ఆసుపత్రిని నడపకూడదు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు మార్చుకోవాలి. స్టోరేజ్‌ను అన్నీ దాచే డెవలప్‌మెంట్ స్థాయిలో వదిలెయ్యకూడదు. పాత మెసేజ్‌లను తీసేసే ప్రూనర్‌కు రోజూ రాత్రి షెడ్యూల్ పెట్టాలి.

పాథాలజిస్ట్: నా మాట మధ్యలోనే ఉండిపోయింది. ఫలితం సవరిస్తే ఓబీఎక్స్-11 గడిలో ఎఫ్, అంటే తుది ఫలితం, బదులు సి, అంటే సవరించింది, అని వస్తుంది. ఛానెల్ దాన్ని పట్టించుకోకపోతే పాత విలువ, కొత్త విలువ రెండూ డాక్టర్ స్క్రీన్ మీద ఉంటాయి. ఏది నమ్మాలి? ఒక మిషన్ షుగర్‌ను మిల్లీమోల్స్‌లో పంపి, ఇంకోటి మిల్లీగ్రాముల్లో పంపితే తేడా 18 రెట్లు. ఓబీఎక్స్-6లో యూనిట్ చూడకుండా అంకె ఒక్కటే తీసుకునే ఛానెల్‌ను నేను ఒప్పుకోను. ప్రతి టెస్టుకూ తక్కువ, మామూలు, ఎక్కువ, సవరించిన ఫలితం... నాలుగూ పంపి, అవతలి స్క్రీన్ మీద నా కళ్ళతో చూశాకే సంతకం పెడతాను.

యాంకర్: చాలా మంచి మాట. అంటే బాధ్యత పాథాలజిస్ట్‌దే అంటున్నారా?

పాథాలజిస్ట్: అలా అనలేదండీ. నా సంతకం ఫలితం వరకు. సర్వర్‌కు...

ఇంజినీర్: (అందుకుని) ఆరోగ్య రికార్డులను కలిపే కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ విషయం వదిలేస్తే ఎట్లా? 2021 సెప్టెంబరులో దేశమంతా మొదలైంది. 14 అంకెల ఆభా అనే ఆరోగ్య ఖాతా నంబరు, రికార్డులు పంపుకోవడానికి ఎఫ్‌హెచ్‌ఐఆర్ ఆర్4 ఫార్మాట్, పేషెంట్ సమ్మతి ఇస్తేనే రికార్డు కదలాలి. ఇంజిన్‌తో హెచ్‌ఎల్‌7ను ఎఫ్‌హెచ్‌ఐఆర్‌లోకి మార్చొచ్చు, నిల్వకు హాపీ ఎఫ్‌హెచ్‌ఐఆర్ అనే ఓపెన్ సోర్స్ సర్వర్ ఉంది. మనవాళ్ళు చేసేదేంది? స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను అందులో పెట్టి పంపిస్తారు. నిబంధనకు అది సరిపోవచ్చు. కనిగిరి నుంచి డయాలసిస్‌కు ఒంగోలుకో నెల్లూరుకో తిరిగే మనిషికి దానివల్ల ఏం ఒరుగుతుంది? ఆర్నెల్ల క్రియాటినిన్ వరసగా కనపడాలంటే అంకె అంకెలాగా రావాలి, ఏ టెస్టో చెప్పే లోయింక్ కోడ్‌తో రావాలి.

ఐటీ మేనేజర్: కనిగిరిలో చిన్న ల్యాబ్‌కు లోయింక్ ఎవరు పెడతారు సార్? అక్కడ ఎనలైజర్‌కు ఇప్పటికీ సీరియల్ కేబులే. ఏఎస్‌టీఎం అనే పాత పద్ధతిలో మాట్లాడుతుంది. మిర్త్ ఉచితంగా ఉన్న రోజుల్లో కూడా అందులో సీరియల్ కనెక్టర్‌ను డబ్బులు పెట్టి కొనాల్సిందే. ‘అంతా ఊరికే’ అనేది అప్పుడూ నిజం కాదు.

ఇంజినీర్: సీరియల్‌ను ఈథర్‌నెట్‌కు మార్చే పెట్టె దొరుకుతుంది. టీసీపీ లిజనర్ పెట్టి...

ఐటీ మేనేజర్: ఏఎస్‌టీఎంలో ప్రతి ఫ్రేముకూ, అంటే డేటా ముక్కకూ, చెక్‌సమ్ అనే సరిచూసే లెక్క చూసి జవాబివ్వాలి. ఆ కోడ్ ఎవరు రాస్తారు? రాసినవాడు ఉద్యోగం మారితే?

ఇంజినీర్: కోడ్ మార్పులను దాచే గిట్‌లో పెట్టండి! ఛానెల్ మార్చిన ప్రతిసారీ ఎక్స్‌పోర్ట్ చేసి, ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో రాసిపెట్టండి. లైసెన్స్‌కు కట్టే డబ్బుతో ఇద్దరు పిల్లలకు ఇక్కడే జీతమివ్వండి. అర్ధరాత్రి ఫోన్ ఎత్తేది వాళ్ళే.

ఐటీ మేనేజర్: ఇద్దరు సరిపోరు. మూడు షిఫ్టులకు, సెలవులకు...

యాంకర్: సమయం అయిపోతోంది. ఇంజినీర్ గారు చెప్పినదాన్నిబట్టి మన జిల్లాలకు ఓపెన్ సోర్సే దారి అని అర్థమవుతోంది...

ఐటీ మేనేజర్: నేను ఒప్పుకోలేదండీ!

పాథాలజిస్ట్: నేనూ ఒప్పుకోలేదు. ముందు పేషెంట్ నంబరు సంగతి తేల్చండి, ఏ సాఫ్ట్‌వేర్ అనేది తర్వాత.

యాంకర్: ఇంజినీర్ గారూ, చివరగా ఒక్క మాటలో, బాధ్యత ఎవరిది?

ఇంజినీర్: ఒక్క మాటలో కుదరదు సార్. రేపు పొద్దున మీ ఆసుపత్రిలో డెస్టినేషన్ సర్వర్‌ను కావాలని పది నిమిషాలు ఆపండి, ఆపే ముందు వార్డుకు చెప్పి ఫోన్‌లో ఫలితాలు చదివే ఏర్పాటు చేసుకోండి. తర్వాత ల్యాబ్‌లో లెక్క, ఆసుపత్రిలో లెక్క పక్కపక్కన పెట్టి...

యాంకర్: విరామం తర్వాత జిల్లా వార్తలు. చూస్తూనే ఉండండి.